సిమెంటు ఎద్దు పైపళ్లు

తిప్పమ్మకు, నేను బాగున్నాను. నన్ను పనిలోంచి తీసేశారని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఫోనులో చెబితే నడుమనే తిడతావని కార్డు రాస్తున్నాను.

పాత ఎద్దుల సంతకు రంగులేసి, చూసేవాళ్లకు టికెట్టు పెట్టి, అక్కడే నలభై ఏళ్లు దళారీగా బతికిన నాకు తలపాగా చుట్టి సిమెంటు ఎద్దు పక్కన నిలబెట్టారు కదా. ఆ ఎద్దు నోట్లో పైన కూడా ముందుపళ్లు పెట్టారు. ఏ ఎద్దుకుంటాయి పైన ముందుపళ్లు? నిన్న యాడికి ఊరి రైతొకడు దాన్ని చూసి, "ఏమప్పా, మాకు ఇట్లాటివే అమ్మినావా?" అన్నాడు. ఉలి తెచ్చి పైపళ్లన్నీ రాలగొట్టాను. మేనేజరు వచ్చి క్షమాపణ రాసివ్వమన్నాడు. "నువ్వు ఏ ఎద్దు నోరైనా తెరిసి పైన ఒక్క ముందుపన్ను చూపియ్యప్పా, అప్పుడు రాసిస్తా" అన్నాను.

శుక్రవారం మీ తమ్ముడు నాగేశ్వరతో మన మచ్చల కోడెను ట్రాలీ ఆటోలో పంపు. అందరి ముందు మేనేజరు చేతే దాని నోరు తెరిపిస్తాను. బోరులో నీళ్లొస్తున్నాయా? మనవరాలు అశ్వినికి దగ్గు తగ్గిందా? దానికి నా దీవెనలు.

కోడెతోపాటు దాని మేతకు రెండు మోపుల శనక్కాయ కట్టె కూడా వేసి పంపు. ఇక్కడ పరిచిన గడ్డి ప్లాస్టిక్‌ది.

నరసింహప్ప