బాపు చివరి పాటలో 'మెల్లగ'

సిరిసిల్లలో అన్నకు, వదినకు నీ చెల్లెలు రజిత దండం పెట్టి రాసేది. నేనిక్కడ బాగానే ఉన్నాను. అవ్వ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? పిల్లలు బడికి పోతున్నారా? ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఈ మాట ఫోన్‌లో చెప్పబోతే నాకు ఏడుపొస్తుంది, పక్కనే అవ్వ ఉంటుంది.

చెన్నైలో ఒకటే ఉక్క. ఆరేసిన బట్టలు సాయంత్రానికీ తడిగానే ఉంటాయి. హాస్టల్‌లో మూడు పూటలా సాంబారే, జొన్నరొట్టె తిని నాలుగు నెలలైంది. అయినా బాగానే ఉన్నాను, నా గురించి బెంగ పెట్టుకోకండి.

నా పనేమిటని వదిన అడిగింది కదా. పాటల పుస్తకాలను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాం. స్వరాలతో పాటు ఎక్కడ నిదానించాలి, ఎక్కడ మళ్ళీ పాత నడక అందుకోవాలి అనే సూచనలు కూడా ఎక్కించాలి. ఆ రెండు సూచనలనూ ఒక జతగా కట్టాలి. కట్టకపోతే దేనికేది తోడో కంప్యూటర్‌కు తెలియదు, పాట చివరిదాకా ఈడుస్తూనే ఉంటుంది. మొదటి వారం నేను విడివిడిగా వదిలేశాను. మా మేడమ్ నెల్లూరామె. అది విని, "ఏందమ్మా ఇది, పాటా, పాడె మోతా?" అంది. అందరితో పాటు నేనూ నవ్వాను.

నువ్వు పంపిన బాపు చిరుతల భజన పుస్తకం అందింది. బాపు సంవత్సరీకం నాడు జట్టు చిరుతలు వాయిస్తూ ఆడుతుందని, నడకలతో సహా ఎక్కించి పంపమన్నావు. పదకొండు పాటలు అయ్యాయి. బాపు ఎంత పద్ధతిగల మనిషన్నా! ప్రతి 'మెల్లగ'కూ కింద 'ఎత్తుకో' అని రాసి, రెండింటినీ ఎర్రగీతతో కలిపాడు. మాకు ఆఫీసులో నేర్పిన పనిని ఆయన సాంచాల మీద బట్ట నేస్తూనే చేసుకున్నాడు. పన్నెండో పాటలో మాత్రం 'మెల్లగ' ఉంది, గీత మొదలై సగంలో ఆగింది. 'ఎత్తుకో' లేదు. జబ్బు ముదిరిన రోజులు కాబోలు, అక్షరాలు వంకరపోయాయి.

జట్టులో నువ్వు బాపు పక్కనే ఆడేవాడివి. ఈ పాట మీతో ఒక్కసారైనా ఆడించాడా? డోలక్ కొట్టే మల్లయ్య మామను కూడా అడుగు.

నిజానికి ఇది నాకు తెలిసి ఉండాల్సింది. పోయే ముందు నెలలో ఒక సాయంత్రం బాపు ఫోన్ చేశాడు. "కొత్త పాట కట్టిన బిడ్డా. జర ఇను, రెండు నిమిషాలే" అన్నాడు. నేను బస్సులో నిలబడి ఉన్నాను. "గిప్పుడు ఇనవడ్తలేదు బాపు, ఐతారం ఇంట" అన్నాను. "మంచిది బిడ్డా, పైలం" అని పెట్టేశాడు. ఆదివారం నేను మరిచిపోయాను. ఆయన మళ్ళీ అడగలేదు.

పదకొండు పాటలూ పంపుతున్నాను. పన్నెండోది ఎవరికీ తెలియకపోతే అంచనాతో చెప్పకండి, దాన్ని అట్లాగే ఉంచుతాను. మల్లయ్య మామకు నా దండాలు, పిల్లలకు ముద్దులు. ఫోన్ సంగతి అవ్వకు చదివి వినిపించకు. ఏడాదిగా ఎవరికీ చెప్పుకోలేదన్నా, ఇక నావల్ల కాలేదు. బాపు తరువాత నాకు నువ్వే. నన్ను తిట్టు, తిట్టి దీవించు.

నీ చెల్లెలు
రజిత