నాన్న చెప్పే నంబరు

అన్నయ్యా,

నువ్వు బాగుచేసి నేను పనిచేసే మ్యూజియానికిచ్చిన యుద్ధకాలపు ట్యాంకు నిజంగా నాన్న నడిపిన బండేనా అని తేల్చే పని నా నెత్తినే పడింది. చైన్లూ ఇంజనూ ఆ కాలానివే. కానీ రంగు గీకితే బయటపడ్డ నంబరును రెండుసార్లు తుడిచి చదివాను. చివర అరవై తొమ్మిది! ఇంట్లో, నాన్న ఆ రోజుల్లో తన బండి పక్కన దిగిన ఫొటోలో ఉన్నది తొంభై ఆరు. అరవై తొమ్మిదని వాదించేది లోకంలో నాన్న ఒక్కరే. ఉక్కు మీద ఆ అంకెలు తెలియక కొట్టావా, ఆయన కోసమే కొట్టావా?

ఇవాళ నాన్న వాటిని తడిమి, "ఇన్నేళ్ళూ నన్ను చూసి నవ్వారుగా, ఇప్పుడేమంటారు?" అన్నారు.

రేపు పొద్దున అది నాన్న బండో కాదో రాసి నేను సంతకం పెట్టాలి. ఈలోపే వచ్చి నిజం చెప్పు. నాన్న కూడా వస్తారట, ఫొటోయే తప్పని అందరికీ చూపించడానికి, దాన్ని చంకన పెట్టుకుని మరీ.

నీ చెల్లి