కారు మీద పేరు

అల్లుడు వినోద్‌కి,

ఫోన్లో చెబుదామంటే నోరు రాలేదు. అందుకే ఈ ఉత్తరం, దీంతో పాటు సన్న ఉప్పు కాగితం ముక్క పంపుతున్నాను.

ఇత్తడి రేకు కోసి, మోటారుకి తీగ చుట్టి నువ్వు కట్టిన అరచేయంత కారుకి పడవల రంగు వేయమన్నావు. వేశాను. పడవల మీద పేర్లు రాసే చేతి అలవాటు కొద్దీ పక్కన నీ పేరు కూడా రాసేశాను. ఆ పేరు గీకెయ్. ఆదివారం విజయనగరంలో పందెం మొదలవక ముందే గీకెయ్.

బల్ల మీద గాడిలో తిన్నగా ఉరికే బొమ్మకారు, రెప్పపాటులో అవతలి కొసకి చేరిపోతుంది, నాకు తెలుసు. అయినా అది పంపినప్పటి నుంచి ఒక చోట కూర్చోలేకపోతున్నాను. మీ అమ్మ నిన్న, "ఏటైనాదన్నా నీకు, అన్నం ముట్టుకోనేదు?" అంది. ఏమీ లేదన్నాను.

రంగు పాడైందని కోప్పడకు. అక్కడ నంబరు వేసుకో, ఏదైనా వేసుకో.

మీ నాన్న చేపల వేటకెళ్లి తిరిగిరాని పడవ పేరేమిటో నీకెవరూ చెప్పలేదు. నువ్వప్పుడు పాకుతున్నావు. పడవ కొత్తగా దించిన రోజు, "నా కొడుకు పేరు పెద్దగా రాయాల బావా, ఒడ్డు నుంచి కనబడాల" అన్నాడు.

నేనే రాశాను.

మీ మావ