వేడినీళ్ల ఊళ్లో వదిన

గురువారం, జూన్ 12. స్కోఫీల్డ్స్.

రెండు పెట్టెలు విప్పాను, మూడు విడతలు బట్టలు ఉతికాను, పప్పుచారు పెట్టాను. నడుం లాగేస్తోంది.

టర్కీలో వదినా నేనూ వెళ్లొచ్చిన ఆ వేడినీటి బుగ్గల ఊరే గుర్తొస్తోంది. రొమ్ము ఆపరేషన్ అయినప్పటి నుంచి వదిన తన ఒళ్లు ఎవరికీ చూపలేదు. అక్కడ కూడా ఆడవాళ్ల కొలను ఒడ్డునే మూడు రోజులు కూర్చుంది.

"ఇంత దూరం వచ్చింది ఒడ్డున కూర్చోడానికా, వదినా?"

"నువ్వు మునుగు. నేను చెప్పులు కాస్తాను."

చివరి సాయంత్రం అందరూ వెళ్లిపోయాక తనే తువ్వాలు తీసేసి, "నీళ్లు పొయ్యవే" అంది. వీపు రుద్దుతుంటే ఏడ్చింది. ఇంకో చెంబు నీళ్లు పోశాను.

ఇవాళ పొద్దున క్రాన్‌బర్న్‌లో తన ఇంటికి వెళ్లిపోయింది. సోమవారం మళ్లీ స్కాన్. ఏం చెబుతారో...

నేను బాలింతగా ఉన్నప్పుడు పదకొండు రోజులు నాకు నీళ్లు పోసింది వదినే. అందులో ఒక రోజు బాకీ తీరింది.