దిండు కింద పొట్లం

తప్పు నీదే అక్కా. గుండె ఆపరేషనుకు వస్తున్న నాన్న చొక్కా జేబులో మోకాలి నొప్పి బిళ్ళలు పొట్లం కట్టి పెట్టి, డాక్టర్లకు చెప్పొద్దన్నావట. నాకూ చెప్పలేదు.

ఆపరేషను బాగానే అయింది. కానీ మూడు రోజులుగా మూత్రం సరిగా రావడం లేదు. నిన్న రోజంతా కలిపి టీ గ్లాసుడు. కాళ్లు దిమ్మల్లా వాచాయి. ఈ పొద్దున దుప్పటి మారుస్తుంటే దిండు కింద నుంచి పొట్లం జారిపడింది. నర్సమ్మ విప్పి చూసి, ఇవెక్కడివని నిలదీసింది. నాన్న మాత్రం, “అందరూ గుండెనే చూస్తే నా మోకాలెవరు చూస్తారమ్మా?” అన్నాడు.

డాక్టరు నన్ను పక్కకు పిలిచి, “ఇన్నాళ్లూ గుండె నీరసించింది కదయ్యా, రక్తం చాలడం లేదనుకుని ఉప్పూ నీరూ వదలొద్దని హార్మోన్లు కిడ్నీలను పోరుతున్నాయి. కోత పడ్డాక ఆ పోరు ఇంకా ఎక్కువ. దానిమీద ఈ బిళ్ళలు వేస్తే కిడ్నీలకు అందే కాస్త రక్తమూ తగ్గిపోతుంది” అన్నాడు. విన్నావా?

నాన్న కళ్లజోడు పంపు. అమ్మ వేళకు తింటోందా? కిడ్నీలు తేరుకోకపోతే శనివారం డయాలసిస్ పెడతామన్నారు, ఆ మాట ఆమె చెవిన వెయ్యకు. పిల్లలకు ముద్దులు.

అవి విడి బిళ్ళలు, పేరు లేదు, నాన్నకూ తెలియదు, ఎన్ని మింగాడో లెక్కా చెప్పలేకపోతున్నాడు. ఏం బిళ్ళ, రోజుకెన్ని, ఎన్నాళ్లుగా మింగుతున్నాడు, ఉన్నదున్నట్టు రాయి. శుక్రవారం టపాలో నీ జవాబు నా చేతికి రావాలి.