కట్టిన చెయ్యే విప్పాల

గచ్చిబౌలి నుంచి,
ఆదివారం.

తమ్ముడు ఓబులేసుకు,

నీ అన్న నరసింహులు రాసేది. మీరంతా బాగుండారని తలుస్తాను. మేము బాగాలేము. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ముందు ఒక మాట. ఇన్నేళ్లూ కడుపులో పెట్టుకున్నాను. నాయన ఎముకల కట్టు నీకు నేర్పినాడు, నాకు నేర్పలేదు. పెద్దోణ్ణి నేను. ఊరి జనం ముందర "నీది మొరటు చెయ్యి, వానిది చల్లని చెయ్యి" అన్నాడు. నువ్వు పక్కనే ఉండి "అన్నకూ నేర్పు నాయనా" అని ఒక్క మాట అనలేదు. నీ ఇంటికి జనం బండ్లు కట్టుకొని వస్తే, నేను ఈడకొచ్చి అపార్టుమెంటు గేటు తీస్తా ఉన్నాను. చచ్చినా మర్చిపోను.

ఇప్పుడు సంగతి. నా బిడ్డ రమణమ్మ మాదాపూర్ ఆఫీసులో తుడిచేటప్పుడు తడి మెట్ల మీద పడి, కుంటుకుంటా నీ దగ్గరికి వచ్చింది కదా. ఎముక జరిగిందని నువ్వు మోకాలికి కట్టు కట్టినావు. ఆ కట్టుతోనే తిరిగొచ్చింది. నొప్పి తగ్గలేదు. ఆఫీసోళ్లు ఆమె పనిలో వేరే మనిషిని పెట్టుకున్నారు. మేముండేది సెల్లార్‌లో గది. ముసురు పట్టి గోడలన్నీ చెమ్మ. బిడ్డ గోడకు తిరిగి పండుకుంటుంది. సంగటి చేసి పెట్టినా తినదు. ఇంత పెద్ద ఊర్లో మా గడప తొక్కే మనిషి లేడు.

పెద్ద ఆస్పత్రికి తీసుకుపోతే కట్టు మీదనే స్కానింగు తీసినారు. ఎముకకు ఏమీ కాలేదు. దాని మీద ఉండే గుజ్జు ఒక చోట పెచ్చు ఊడిపోయింది. అది మళ్లీ దానంతటది మొలవదంట. అక్కడ చిన్న గుంత తొలిచి, సముద్రపు పగడంతో చేసిన బిళ్ళ దిగ్గొడతారంట. పోను పోను బిళ్ళ కరిగి, దాని చోట ఎముకా గుజ్జూ వస్తాయంట. అందరికీ పట్టదు, చూద్దాం అన్నాడు డాక్టరు. నా మోకాళ్లకు కూడా వెయ్యమన్నాను. "నీ గుజ్జు మొత్తం అరిగింది తాతా, నీకు కీలే మార్చాలె" అని నవ్వినాడు. నాకు నవ్వు రాలేదు.

ఆపరేషన్ వచ్చే శుక్రవారం. మొన్న ఆస్పత్రిలోనే నర్సమ్మ కత్తెర తెచ్చి, "జర కాలు చాపమ్మా, ఈ కట్టు తీసేస్తా" అంది. రమణమ్మ కాలు వెనక్కి లాక్కుంది.

"మా చిన్నాయన కట్టినాడు. కట్టిన చెయ్యే విప్పాల. వేరే చెయ్యి పడితే కాలు ఎండిపోతుంది."

"గిదేంది తాతా, నువ్వన్నా చెప్పు. కట్టు ఉంటే ఆపరేషన్ ఎట్ల చేస్తరు?"

చెప్పినాను. తిట్టినాను. నేనే విప్పుతానని వంగినాను. "నీది మొరటు చెయ్యి నాయనా, ముట్టుకోవద్దు" అంది. నా బిడ్డ నోట కూడా అదే మాట.

నిన్ను తప్పు పట్టను. విరిగిన ఎముకకు నీ కట్టుకు తిరుగులేదు. ఇది ఎముక కాదు, నీకు తెలియలేదు. ఆ సిగ్గుతో రాకుండా ఉండొద్దు, వచ్చి నీ చేత్తో ఆ కట్టు విప్పు. ఫోన్లో నా గొంతు వింటే పెట్టేస్తావని, కాగితం రాసి మన ఊరి బస్సులో పంపిస్తున్నాను.

మేనత్తకు నా దండాలు, బిడ్డ కోసం దీపం పెట్టమను. మరదలికి, పిల్లోళ్లకు దీవెనలు. వచ్చేటప్పుడు ఇంత రాగిపిండి తే.

నువ్వు రాకుంటే ఈ మొరటు చేత్తోనే ఆ కట్టు కోస్తాను. ఆ పగడం పట్టకపోతే, నా చెయ్యి పడబట్టే ఇట్లయిందని నా బిడ్డ బతికినన్నాళ్లూ అనుకుంటుంది. వస్తావా, రావా? బుధవారం పొద్దుగూకే లోపల నాకు కబురు రావాల.

నీ అన్న
నరసింహులు