అమ్మ మానేసిన మాట

రామక్క గారికి నమస్కారాలు.

ఆదివారం మా తండాకు వచ్చి, మా ఇంట్లో తిని వెళ్ళినందుకు ఈ ఉత్తరం. మీకు బాయి అంటే బొగ్గుగని, ఊళ్ళోవాళ్ళకు నీళ్ళ బావి. మా లంబాడీలకు ఆడవాళ్ళను గౌరవంగా పిలిచే మాట అది. నాన్న గనిలో పోయాక అమ్మ ఆ మాటే మానేసింది. సొంత అక్కను కూడా ఉత్త పేరుతోనే పిలిచేది.

నాన్న ఉద్యోగం నాకొచ్చిన మొదటిరోజు గని గేటు దగ్గర అమ్మ నా చెయ్యి వదల్లేదు. "బిడ్డ నాకాడుంటది, నువ్వు పైలంగ పో" అని ఆమెను పంపింది మీరే.

మొన్న జొన్నరొట్టె వడ్డిస్తూ అమ్మ మీతో, "ఇంకోటి ఏసుకో బాయీ" అంది. ఏడేళ్ళ తర్వాత విన్నాను. పొయ్యి మీద నేను కాలుస్తున్న రొట్టె మాడిపోయింది అందుకే.

వచ్చే ఆదివారమూ రండి. మీ పేరు అమ్మకు తెలుసు. అయినా అలాగే పిలవనివ్వండి.

గని లాంప్‌ రూంలో మీ పక్కన కూర్చునే పిల్ల